కేర్ ఖర్చు ఎవరు భరించాలో తేల్చే పని

ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఇంగ్లండ్ వార్డుల్లో పనిచేస్తున్న నర్సులే. "నైట్ డ్యూటీలు లేని ఉద్యోగం ఏదైనా చెప్పక్కా" అని మీలో కొందరు అడిగారు కాబట్టే ఈ కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ అసెస్‌మెంట్ ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాను. నైట్లు దాదాపు ఉండవు, సాధారణంగా బ్యాండ్ 6 ఇస్తారు. ఆ రెండింటి కోసమే వస్తే మాత్రం త్వరలోనే విసుగొస్తుంది.

ఈ దేశంలో ఆస్పత్రి వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు. కేర్ హోమ్‌లో ఏళ్లతరబడి ఉండాల్సి వస్తే లెక్క మారుతుంది. అది సోషల్ కేర్ కిందికి వస్తే, పొదుపూ ఆస్తీ 23,250 పౌండ్లు దాటినవాళ్లు సొంత డబ్బు పెట్టుకోవాలి. ఇల్లమ్ముకున్న కుటుంబాలున్నాయి. అలా కాక, కేర్ అవసరమైన మనిషికి ప్రధానంగా ఉన్నది ఆరోగ్య అవసరమేనని తేలితే, ఆస్తి ఎంతున్నా మొత్తం ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్‌దే. దీన్నే కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్ అంటారు. సోషల్ కేర్‌కూ దీనికీ మధ్య గీత ఎక్కడ గీయాలో 1999లో పమేలా కాగ్లన్ కేసులో అప్పీలు కోర్టు చెప్పింది. 2007లో ఇంగ్లండ్ అంతటికీ ఒకే నేషనల్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది.

అర్హత తేల్చడానికి ముందు చెక్‌లిస్ట్, అది దాటితే డెసిషన్ సపోర్ట్ టూల్. ఊపిరి, ఆహారం, చర్మం, ప్రవర్తన... ఇలా 12 అంశాలు. మీరూ సోషల్ వర్కరూ కూర్చుని ఒక్కోదానికి స్థాయి నిర్ణయించి, సిఫారసు రాస్తారు.

డిమెన్షియా ఉన్న పెద్దాయన సంగతి తీసుకోండి. కేర్ హోమ్ నోట్సులో రోజూ 'ప్రశాంతంగా ఉన్నారు' అనే ఉంటుంది. అది చూసి తక్కువ స్థాయి వేసేయడం తేలిక. కాస్త అడగండి: స్నానానికి ఇద్దరెందుకు? బాగా అలవాటైన కేరర్ సెలవు పెట్టిన రోజు ఏమైంది? చెయ్యెత్తబోతున్నాడని ముందే ఎలా పసిగడుతున్నారు? అసలు విషయం అప్పుడు బయటికొస్తుంది. ఒకరి నేర్పు వల్ల అణిగి ఉన్న అవసరం కూడా అవసరమేనని ఫ్రేమ్‌వర్క్ స్పష్టంగా చెబుతోంది. మనతో వచ్చే చిక్కు ఇక్కడే. ఇంట్లో నాయనమ్మను లేపి కూర్చోబెట్టి, అన్నం తినిపిస్తూ పెరిగినవాళ్లం. ఏది చూసినా 'ఇందులో ఏముంది' అనిపిస్తుంది. ఆ చూపుతో రాసిన రిపోర్టు వల్ల ఒక కుటుంబం నష్టపోతుంది.

అర్హత తేల్చేటప్పుడు బడ్జెట్ ప్రస్తావన రాకూడదన్నది నియమం. ఒత్తిడి ఉండదని మాత్రం నేను చెప్పను. కన్నీళ్లు పెట్టుకున్న కూతురి ఎదుట 'అర్హత కనిపించడం లేదు' అనాల్సిన రోజులూ వస్తాయి. ఆ కుటుంబం అప్పీలుకు వెళ్తే మీ రాతను వాక్యం వాక్యం తరచి చూస్తారు. తేదీ, ఆధారం లేని వాక్యం అక్కడ నిలవదు.

కాబట్టి మీ ఇంగ్లీషు రాతకు పదును పెట్టండి. వార్డు నుంచి వెళ్లే చెక్‌లిస్టులు నింపే శిక్షణ అడిగి తీసుకోండి. మీ ప్రాంతపు టీమ్‌తో ఒక అసెస్‌మెంట్‌లో కూర్చోనివ్వమని అడగండి. ఆ తర్వాత కూడా ఇష్టంగానే ఉంటే అప్లై చేయండి.