నడుము, చర్మం, కన్ను, పేగు: ఒకే ఇంటి జబ్బులు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

వారానికి ఒక్కరోజు దొరికే సెలవును మా మాటలు వినడానికి ఇచ్చారు. అందుకని సూటిగా విషయానికే వస్తాను.

మన క్యాంపుల్లో నడుం నొప్పి లేని మనిషి అరుదు. చాలామందికి అది పనితో వచ్చే నొప్పే, కాసేపు పడుకుంటే తగ్గుతుంది. కానీ ఇంకో రకం ఉంది. అది పడుకుంటే పెరుగుతుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. లేచాక అరగంట, గంట దాకా నడుం కర్రలా బిగుసుకుని ఉంటుంది. పనిలో పడ్డాక సర్దుకుంటుంది. శుక్రవారం మధ్యాహ్నం దాకా పడుకుంటే మళ్ళీ పట్టేస్తుంది. సాధారణంగా 45 ఏళ్ళలోపే మొదలై, మూడు నెలలు దాటినా వదలదు.

దీని పేరు యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. మెడ పట్టేస్తే మనం స్పాండిలైటిస్ అంటుంటాం, అది ఎక్కువగా అరుగుదల. ఇది వేరు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి వెన్ను కీళ్ళలో వాపు తెస్తుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే కొందరికి వెన్నుపూసలు అతుక్కుపోయి నడుం వంగదు.

ఈ జబ్బుకూ వంశానికీ సంబంధం ఉంది. ఈ రోగుల్లో ఎక్కువమందికి హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువు ఉంటుందని 1973లో లండన్‌లోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ వేర్వేరుగా కనిపెట్టారు. 2006, 2007లలో ఐఎల్23ఆర్ అనే ఇంకో జన్యువు బయటపడింది. క్రోన్స్ అనే పేగు జబ్బు, సొరియాసిస్, ఈ వెన్ను జబ్బు, మూడింటితోనూ దానికి సంబంధం ఉందని తేలింది. ఒకే కాలువ నీళ్ళు వేర్వేరు మళ్ళలోకి పారినట్టు, ఒకే ఇంట్లో ఒకరికి నడుములో, ఒకరికి చర్మం మీద, మరొకరికి పేగులో తేలవచ్చు. ఒకే మనిషికి రెండు, మూడు కూడా రావచ్చు.

మన కష్టం ఇక్కడే ఉంది. అన్న ఇక్కడ నడుం నొప్పికి మాత్ర మింగుతుంటాడు. ఊళ్ళో చెల్లెలు మోచేతుల మీద పొలుసులకు పూతమందు రాస్తుంటుంది. మేనమామ ఏళ్ళుగా రక్తంతో విరేచనాలని తిరుగుతుంటాడు. ముగ్గురూ ముగ్గురు డాక్టర్ల దగ్గరికి పోతారు. ఏ డాక్టరుకూ మిగతా ఇద్దరి సంగతి తెలియదు.

తెలిస్తే ఏం లాభం? మందు మారుతుంది. సెక్యుకినుమాబ్ అనే సూదిమందు సొరియాసిస్‌కూ ఈ వెన్ను జబ్బుకూ పనిచేస్తుంది. అదే మందు క్రోన్స్ ఉన్నవాళ్ళకు పేగు జబ్బును పెంచవచ్చు. ఇలాంటి సూదిమందులు మొదలుపెట్టే ముందు టీబీ ఉందేమో కూడా చూస్తారు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే దాచకండి.

అందుకని ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాలుగు మాటలు అడగండి. పొద్దున నడుం పట్టేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒంటి మీద, తలలో పొలుసులు రాలేవాళ్ళు ఉన్నారా? కన్ను ఎర్రబడి మళ్ళీ మళ్ళీ నొప్పి చేసేవాళ్ళు? విరేచనాలు నెలల తరబడి తగ్గనివాళ్ళు? జవాబులు కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. భాష ఇబ్బందైతే వచ్చినవాణ్ణి వెంట తీసుకెళ్ళండి.

కంటి మాట ప్రత్యేకంగా చెప్పాలి. కళ్ళకలకలో పుసి కడుతుంది, నాలుగు రోజుల్లో రెండో కంటికీ పాకుతుంది. అలాకాక ఒక కన్ను ఎర్రబడి, లోపల నొప్పి చేసి, వెలుతురు చూడలేకపోతే అది యువైటిస్ కావచ్చు. సొంతంగా చుక్కల మందు వేసుకోవద్దు, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆలస్యమైతే చూపు దెబ్బతింటుంది.

డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఈ జబ్బుకు డాక్టర్లే రాస్తారు, కానీ లెక్క ప్రకారం. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగకుండా రోజూ మింగితే కిడ్నీలు పాడవుతాయి, కడుపులో పుండ్లు పడతాయి. సిగరెట్ ఈ జబ్బును ఇంకా ముదరబెడుతుంది.

రెండు భయాలు నాకు తెలుసు. ఒకటి పెళ్ళి భయం. ఇది అంటుజబ్బు కాదు. బి27 ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జీవితాంతం ఏ జబ్బూ రాదు. రక్తపరీక్షలో అది వచ్చిందని పిల్ల సంబంధం, పిల్లాడి సంబంధం వదులుకోవద్దు. రెండోది ఉద్యోగం భయం. ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ దాచి దాచి నడుం వంగని రోజు వస్తే ఆ పని ఎలాగూ పోతుంది. తొందరగా మందు, రోజూ వ్యాయామం మొదలుపెట్టినవాళ్ళు చాలామంది పని చేసుకుంటూనే ఉన్నారు.

మనం ఇక్కడ, మనవాళ్ళు అక్కడ. డబ్బు పంపినట్టే జబ్బుల కబురు కూడా అటూ ఇటూ చేరనివ్వండి.