పేరుకు ఇంగ్లీషులో ఎన్ని మాటలు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి ప్రసంగ పాఠం)



నేను చదివింది ఎనిమిదో తరగతి. నన్ను ఇంగ్లీషు మాటల గురించి చెప్పమంటే మా ఇంట్లో నవ్విండ్రు. కానీ ఇప్పుడు సంఘంలో చీటీలు, బిల్లులు, ఎగ్జిబిషన్ బోర్డులు అన్నీ ఇంగ్లీషులోనే. రాసేది మన పిల్లలు, సంతకం పెట్టేది నేను. అందుకే ఒక్కొక్క మాట తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్న.

మొన్న ఒక పిల్లగాడు కరపత్రం రాసి తెచ్చిండు. 'ఫేమస్' అని రెండుసార్లు రాసినంక, మళ్లీ అదే మాట ఎందుకని ఫోన్‌లో వెతికి 'నొటోరియస్' పెట్టిండు. వాణ్ని ఏమనలేం, ఫోన్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నయి. నొటోరియస్ అంటే చెడ్డపనికి పేరుబడ్డదని. మనం 'పేరుపొందిన డాక్టరు' అంటం, 'పేరుమోసిన దొంగ' అంటం, అట్లనే. 'ఇన్‌ఫేమస్' కూడా అంతే. ముందర 'ఇన్' ఉన్నది గదా, పేరులేనిది అనుకునేరు. పేరు ఉన్నది, చెడ్డపేరు. అది అచ్చయి స్టాల్‌లో పంచితే కొనేటోళ్లు నవ్వుకుంట పోతరు, మనకు తెలవను కూడా తెలవదు.

ఫేమస్ అనేది బజారు మాట. లాటిన్‌లో దాని మూలానికి జనం చెప్పుకునే మాట అనే అర్థమట. వడాపావ్ బండి మీద కూడా ఉంటది. ఎవరైనా రాసుకోవచ్చు, అడిగేవాడు లేడు. 'రినౌండ్' కొంచెం బరువైనది, నలుగురి నోట్లో మళ్లీ మళ్లీ పలికిన పేరు. షోలాపూర్ చద్దరుకు నప్పుతది. 'ఎమినెంట్' మనిషికే వాడాలె, బట్టకు కాదు. 'ప్రామినెంట్' అంటే కొట్టొచ్చినట్టు కనబడేది. నాయకునికీ అంటరు, చీర అంచుకూ అనొచ్చు.

ఇగ 'అవుట్‌స్టాండింగ్'. శాలువా కప్పి, 'అవుట్‌స్టాండింగ్ వీవర్' అని కాగితం చేతికిస్తరు. మా లెక్కల పుస్తకంలో అదే మాటకు ఇంకా తీరని బాకీ అని అర్థం. రెండు రకాలుగానూ అవుట్‌స్టాండింగ్ అయినోళ్లు మన సంఘాల్లో శానామంది ఉన్నరు!

'డిస్టింగ్విష్డ్' అంటే నలుగురిలో వేరుగా నిలిచినది. పిల్లల మార్కుల్లో డిస్టింక్షన్ అన్నా అదే వేరు నుంచి వచ్చింది. పద్మశ్రీ ఇచ్చేది ఈ మాట మీదనే, 'డిస్టింగ్విష్డ్ సర్వీస్' అని. ఇక్కత్ పనికి గజం గోవర్ధన గారికి 2011లో వచ్చింది. ఆసు పోసీ పోసీ తల్లి పడే చేతుల నొప్పి చూడలేక యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో వచ్చింది. అంత గొప్పదైనా పేరుకు ముందర తగిలించొద్దు. అది బిరుదు కాదని, పేరుకు ముందూ వెనకా వాడొద్దని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆహ్వాన పత్రికలు రాసే పిల్లలు ఇది చూసుకోవాలె.

నేను అసలు చెప్పదలచింది చీటీ గురించి. 'ఫేమస్ షోలాపూర్' అని ఎక్కడో మిషిను మీద నేసిన దానికీ కుడతరు. ఆ మాటకు కాపలా లేదు. జీఐ అట్ల కాదు, అది పొగడ్త కాదు, 1999 చట్టం కింద వచ్చే హక్కు. షోలాపురి చద్దరుకు అది ఉన్నది. కానీ ఊరికి వచ్చింది గదా అని ఊకుంటే సరిపోదు, నేసేటోళ్లు వాడుకందారులుగా పేరు నమోదు చేయించుకోవాలె. చేతిమగ్గం బట్టకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నది. కొనేవాడు నమ్మేది వీటిని.

మా సంఘం చీటీ మీద సంఘం పేరు ఉన్నది, ఊరు ఉన్నది, పైన పెద్ద అక్షరాల ఫేమస్ ఉన్నది. నేసిన మనిషి పేరు లేదు. కండెలు చుట్టిన ఆడబిడ్డ పేరు మొదలే లేదు. ఇది నాకు నచ్చలేదు. ఆ ఫేమస్ తీసేస్తే రెండు పేర్లు పట్టే జాగ వస్తది. కొలిచి చూసిన. అచ్చు వేసేటాయన అదే రేటుకు చేస్తనన్నడు.

కాబట్టి మా సంఘం సభ్యులు వచ్చే లాటు లోపల, ఇంట్లో నేసేవాళ్లవి, కండెలు చుట్టేవాళ్లవి పేర్లు ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాయాలో కాగితం మీద రాసి ఆఫీసులో ఇయ్యండి. రాయరాకుంటే వచ్చి నోటితో చెప్పండి, మన పిల్లలు రాసుకుంటరు.