వంటింటి పొగకు బయటికి దారి చూపండి



ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చినవారిని ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఇస్తాం, ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో చూపిస్తాం, మళ్ళీ ఎప్పుడు రావాలో చెబుతాం. కాని వారు ఎలాంటి వంటగదిలోకి తిరిగి వెళ్తున్నారో మీకే తెలుసు. ఆయాసం తగ్గి ఇంటికి చేరిన తల్లి మర్నాడే పోపు ఘాటుకు ఊపిరాడక కూర్చుంటే, మందు ఒకవైపు లాగుతుంటే పొగ ఇంకోవైపు లాగినట్లే. అందుకే ఈ రోజు వంటింటి చిమ్నీ, బ్లోయర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల గురించి మాట్లాడుకుందాం. ఏ కంపెనీది కొనాలో నేను చెప్పను. ఏమేమి చూసి కొనాలో చెబుతాను.

పొగలో ఏముంది?

"మాది గ్యాస్ పొయ్యే కదా, పొగ ఎక్కడిది?" అని చాలామంది అడుగుతారు. కట్టెల పొయ్యితో పోలిస్తే గ్యాస్ ఎంతో మేలు, సందేహం లేదు. కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్ వంటి వాటి పొగవల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది అకాలంగా మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అయితే గ్యాస్ మంటనుంచి కూడా నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు వస్తుంది. ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలను అది రేపుతుంది. మంట నీలంగా కాక పసుపుగా మండుతుంటే విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరుగుతుంది. అప్పుడు బర్నర్ శుభ్రం చేయించాలి.

ఇక బాణలిలోనుంచి వచ్చే పొగ వేరు. నూనె బాగా కాగినా, ఎండుమిరపకాయలు మాడినా, చేపలు వేయించినా కంటికి కనిపించనంత సన్నని నూనె తుంపరలు, మసి గాలిలో కలుస్తాయి. వీటిలో 2.5 మైక్రాన్లకన్నా చిన్నవి ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతాయి. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. దాంతో పోల్చుకుంటే అవి ఎంత సన్ననివో తెలుస్తుంది. ఇండక్షన్ పొయ్యి మీద వండితే మంటనుంచి వచ్చే వాయువులు ఉండవు గాని, పోపు పొగ మాత్రం ఉంటుంది.

పట్టాలి, తోయాలి, బయటికి పంపాలి

మంచి చిమ్నీ చేయవలసిన పనులు మూడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా డబ్బు వృథా.

మొదటిది, పొగను పట్టడం. ఇది పైనున్న గొడుగు పని. ఆ గొడుగు కనీసం మీ పొయ్యి అంత వెడల్పు ఉండాలి. రెండు మూడు బర్నర్ల పొయ్యికి సాధారణంగా 60 సెంటీమీటర్లది, నాలుగైదు బర్నర్ల పెద్ద పొయ్యికి 90 సెంటీమీటర్లది పెడతారు. గ్యాస్ పొయ్యికి పైన 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని చాలా కంపెనీలు చెబుతాయి. మీరు కొన్నదాని పుస్తకంలో ఎంత రాస్తే అంతే పాటించండి. మరీ పైన పెడితే పొగ దారిలోనే పక్కకు పోతుంది. మరీ కింద పెడితే మంట వేడి తగిలి ప్రమాదం.

రెండవది, తోయడం. ఇది బ్లోయర్ పని. గోడకు రంధ్రం చేసి పెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలతో గాలిని నేరుగా అవతలికి నెడుతుంది. పొడవాటి గొట్టం గుండా నెట్టాలంటే దానికి బలం చాలదు. బ్లోయర్‌లో డబ్బా లోపల చక్రం తిరుగుతుంది. అది గాలిని మధ్యలోకి లాక్కుని అంచునుంచి ఒత్తిడితో గొట్టంలోకి తోస్తుంది. కాబట్టి గొట్టం ఉన్నచోట బ్లోయర్, గోడ ఒక్కటే అడ్డమైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ సరిపోతుంది.

మూడవది, బయటికి పంపడం. గొట్టం లేని చిమ్నీలు కూడా అమ్ముతారు. అవి గాలిని బొగ్గు ఫిల్టరులోనుంచి పంపి మళ్ళీ అదే గదిలోకి వదులుతాయి. వాసన కొంత తగ్గవచ్చు. వేడి, ఆవిరి, మంటనుంచి వచ్చే వాయువులు మాత్రం గదిలోనే ఉంటాయి. ఊపిరితిత్తుల రోగి ఉన్న ఇంటికి అది తగదు. గొట్టం చివర ఇంటి బయట తెరుచుకోవాలి. అటకమీదనో, ఫాల్స్ సీలింగ్ లోపలనో వదిలేయకూడదు. పక్కింటివారి కిటికీకి ఎదురుగా కూడా పెట్టకండి. వాన, పిట్టలు లోపలికి రాకుండా చివర మూత ఉండాలి.

అంకెను చూసి కాదు, దారిని చూసి కొనండి

డబ్బా మీద గంటకు 1,000 లేక 1,200 ఘనపు మీటర్లు అని రాసి ఉంటుంది. అది ఎక్కువ ఉన్న కొద్దీ మంచిదని దుకాణంలో చెబుతారు. ఒకసారి మనమే లెక్క వేద్దాం. మీ వంటగది పొడవు 10 అడుగులు, వెడల్పు 8, ఎత్తు 10 అనుకోండి. అంటే 800 ఘనపు అడుగుల గాలి. గంటకు 10 నుంచి 15 సార్లు ఆ గాలి మారాలంటే 8,000 నుంచి 12,000 ఘనపు అడుగులు, అంటే దాదాపు 230 నుంచి 340 ఘనపు మీటర్లు పోవాలి. ఆవిరి, పొగ ఒక్కసారిగా లేచేటప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. డబ్బా మీది అంకె ఇంట్లో పూర్తిగా రాదు. గొట్టం పొడవు, వంపులు, జిడ్డు పట్టిన ఫిల్టరు దాన్ని తగ్గిస్తాయి. అందుకని కొంత ఎక్కువ శక్తి ఉన్నది కొనడం న్యాయమే. కాని గొట్టం సరిగా లేకుంటే ఎంత పెద్ద అంకె ఉన్నా లాభం లేదు.

గొట్టం 6 అంగుళాలది అడగండి. 4 అంగుళాల గొట్టంకన్నా దాని నోరు రెండింతలకు పైగా పెద్దది. వీలైనంత పొట్టిగా, తిన్నగా, ఒకటి రెండు వంపులకు మించకుండా వేయించండి. ముడతల గొట్టమైతే సాగదీసి బిగించమనండి. గొట్టం ఏ గోడలోనుంచి పోవాలో బిగించడానికి వచ్చినవారితో ముందే మాట్లాడుకుని, ఆ తరువాతే కొనండి.

చప్పుడు కూడా చూసుకోండి. దుకాణంలో వేయించి వినండి. హోరు భరించలేక ఇంట్లోవాళ్ళు ఆపేసే చిమ్నీ ఉన్నా లేనట్లే.

పోయిన గాలికి బదులు గాలి రావాలి

తలుపులు, కిటికీలు అన్నీ మూసి చిమ్నీ వేస్తే అది లాగడానికి గాలే ఉండదు. పొయ్యికి ఎదురు వైపున్న తలుపో కిటికీయో కొద్దిగా తెరిచి ఉంచండి. ఫ్యాన్ పక్కనే ఉన్న కిటికీ తెరిస్తే మాత్రం ఆ కిటికీ గాలే ఫ్యాన్‌లోకి పోతుంది, పొయ్యి మీది పొగ అక్కడే ఉంటుంది. సరిగా లాగుతోందో లేదో తెలుసుకోవాలంటే, రోగి ఆ గదిలో లేనప్పుడు పొయ్యి ఆర్పి, పొయ్యి గట్టు మీద అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ తిన్నగా పైకి పోతే మంచిది. గదిలోకి తిరిగితే ఎక్కడో లోపం ఉంది.

చిమ్నీ కొనలేని ఇళ్ళలో

చిమ్నీ లేకపోతే ఏమీ చేయలేమని అనుకోకండి. పొయ్యికి దగ్గరగా, గోడ పైభాగంలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. అద్దె ఇల్లయితే వెంటిలేటరు స్థానంలో పెట్టడానికి ఇంటి యజమానిని అడగండి. పొయ్యిని గోడకు, ఫ్యాన్‌కు దగ్గరగా జరపండి. వేపుళ్ళు వెనక బర్నర్ మీద చేయండి.

ఇంకా కట్టెలమీద వండే ఇళ్ళున్నాయి. వారికి పొగగొట్టం కొత్త సంగతి కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు పేదల ఇళ్ళకోసం గొట్టంతో కూడిన పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకం ప్రచురించారు. పొగను ఇంటి కప్పు దాటించడం అప్పుడూ ఇప్పుడూ ముఖ్యమే. గొట్టాన్ని కప్పుకన్నా ఎత్తుగా కట్టించండి, లోపలి మసి తరచు దులపండి. కరెంటు చిమ్నీ కింద మాత్రం కట్టెల పొయ్యి పెట్టకండి. నిప్పురవ్వలు జిడ్డుకు అంటుకుంటాయి.

ఇవి మరువకండి

1. వంట మొదలు పెట్టకముందే చిమ్నీ వేయండి. వంట అయిన తరువాత 10, 15 నిమిషాలు తిరగనివ్వండి.

2. ఫిల్టరు జాలీని రెండు మూడు వారాలకొకసారి వేడినీళ్ళు, సబ్బుతో కడగండి. ఆటో క్లీన్ అన్నదానికి కూడా నూనె గిన్నె తీసి కడగాలి. జిడ్డు పేరుకుంటే గాలి తగ్గడమే కాదు, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

3. గ్యాస్ వాసన వస్తే చిమ్నీ, ఫ్యాన్, లైటు ఏ స్విచ్చీ ముట్టకండి, వేయకండి, ఆపకండి. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, నేలమీద పరుచుకుంటుంది. స్విచ్చి రవ్వ చాలు అంటుకోవడానికి. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, అందరూ బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోన్ చేయండి.

4. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునే రోగి ఉంటే సిలిండరు గాని, యంత్రం గాని, పైపు గాని పొయ్యికి 10 అడుగులలోపు రానివ్వకండి. ఆక్సిజన్ పెట్టుకుని వంట చేయనివ్వకండి.

5. చిమ్నీ మందుకు బదులు కాదు. ఇన్‌హేలర్ మానవద్దు. ఇంట్లో బీడీ, సిగరెట్టు తాగేవారుంటే ఏ చిమ్నీ కూడా ఆ పొగనుంచి రోగిని కాపాడలేదు.

చివరగా ఒక మాట. చాలా ఇళ్ళలో ఆయాసంతో ఉన్న అమ్మే మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడుతుంది. "నేను చేయకపోతే ఎవరు చేస్తారు?" అంటుంది. చిమ్నీ బిగించేవరకైనా ఆ పోపు మీరు వేయండి. కొడుకులైనా, కోడళ్ళైనా, భర్త అయినా సరే. అది పెట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆమెను పొయ్యి దగ్గరనుంచి తప్పించడం మాత్రం ఈ సాయంత్రమే చేయవచ్చు.

మీ ఇంటి వంటగది కొలతలు, కిటికీ ఎటు ఉందో ఒక కాగితం మీద గీసి తెచ్చుకోండి. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు మా దగ్గర అడగండి. కలిసి ఆలోచిద్దాం.