పంటనష్టం రాసే రోజే అసలు రోజు
(మేడిపల్లి మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



రాళ్లవాన పడ్డ మూడు నాలుగు నెలలకు మన ఊర్లల్ల ఒకటే మాట వినపడుతుంది: "నీకు పైసలు పడ్డయా? నాకు పడలే." అప్పుడు ఆఫీసుల చుట్టూ తిరుగుతం. అప్పటికే జాబితా పైకి పోయి ఉంటది. ఎవరికి ఎంత రావాలో తేలేది చేన్ల నష్టం రాసుకునే రోజే. ఇయ్యాల ఆ రోజు గురించి చెప్త.

మొదలు లెక్క చూద్దాం. విపత్తు నిధి నిబంధన ప్రకారం పంట 33 శాతం, అంతకంటే ఎక్కువ పోతేనే సాయం. 2022 నుంచి 2026 వరకు పెట్టిన రేట్లు ఇవి: వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000, మామిడి లాంటి తోటలకు 22,500. అదీ రెండు హెక్టార్ల వరకే. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంటే వరికి ఎకరానికి 7,000 కూడా పడదు. ట్రాక్టరు కిరాయి, నాటు కూలి, ఎరువు బస్తాలు లెక్కేస్తే ఇది ఏ మూలకు?

2023 మార్చి రాళ్లవానలకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎకరానికి 10,000 ప్రకటించారు. కౌలు రైతుకూ అందేటట్టు చూస్తమన్నరు. 2024 సెప్టెంబరు వరదలప్పుడు రేవంత్ రెడ్డి ప్రభుత్వం కూడా ఎకరానికి 10,000 అన్నది. మాట మంచిదే. కానీ రాసేటోళ్లు పాసుబుక్కు చూసి పేరు రాస్తే, పైసలు పట్టాదారు ఖాతాలోనే పడ్తయి. పంట పోయింది ఒకరిది, సాయం అందింది ఇంకొకరికి. 2020 వానాకాలంల మన రాష్ట్రంల ఫసల్ బీమా ఆగింది. బీమా లేని కౌలు రైతుకు ఈ దారి కూడా మూసుకపోతే అప్పే మిగులుతది.

చట్టం లేక కాదు. భూ అధీకృత సాగుదారుల చట్టం 2011లనే వచ్చింది. కౌలుదారుకు ఏడాది కార్డు ఇయ్యాలె, అప్పు, నష్టపరిహారం అందాలె అని అండ్ల ఉంది. ఆసామి హక్కుకు దానితోని ఏ ఢోకా లేదు. భూమి ఇచ్చినోళ్లకు ఈ ముచ్చట మనమే నచ్చజెప్పాలె.

మరి మనం ఏం చేయాలె?

ఏఈవో వచ్చే రోజు ఊర్ల డప్పు చాటింపు వేయించుర్రి. చేను గట్టు మీదికెళ్లి చూసి రాస్తే ఒప్పుకోవద్దు. రాళ్లవాన పడ్డ వరి దూరం నుంచి నిలబడే కనపడ్తది, కంకిల గింజ ఉండదు. లోపలికి తీసుకపోయి రాలిన గింజ చూపియ్యుర్రి. సర్వే నంబరు, తారీఖు రాసుకొని ఫోన్ల ఫొటో తీయుర్రి. దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోర్రి. కౌలు రైతు ఉంటే సాగు చేసేటోని పేరే రాయమని పక్క చేన్లోళ్లు నిలబడి చెప్పాలె.

జాబితా పైకి పోకముందే పంచాయతీ గోడకు అతికియ్యాలె, అందరి ముందు చదవాలె. పేరు తప్పిపోతే అక్కడ్నే తేలుతది. మన సంఘం మొదటి డిమాండు ఇదే. ప్రతి ఊరికి ఇద్దరు సభ్యులు ఈ బాధ్యత తీసుకోవాలె. ఆ పేర్లు ఈ సమావేశంలనే రాసుకుందాం.