భట్టిప్రోలు భరిణె, చేబ్రోలు వీధులు
(దుగ్గిరాలలో చేసిన స్మారకోపన్యాసం)



ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసానికి ఈసారి ప్రపంచ మతాల పుట్టుక, వాటి మూల నమ్మకాలు అన్న విషయం ఇచ్చారు. ఇలాంటి సభల్లో వక్త పావుగంటలో అన్ని మతాలూ చుట్టేసి, దారులు వేరైనా గమ్యం ఒక్కటే అని ముగించి, శాలువా కప్పించుకుని దిగిపోతాడు. ఆ మాటలో మంచితనం ఉంది, నిజం మాత్రం తక్కువ. మతాలు వేసుకున్న ప్రశ్నలే వేరు. మార్కెట్ యార్డులో పసుపు కొమ్ము పైరంగు చూసి ఎవరూ ధర కట్టరు, విరిచి లోపల చూస్తారు. ఇక్కడా అదే పని చెయ్యాలి. ప్రార్థన, ఉపవాసం, దానం అన్ని మతాల్లోనూ పైకి ఒకేలా కనిపిస్తాయి మరి.

ఇందుకోసం దూరం పోనక్కర్లేదు. తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే భట్టిప్రోలు వస్తుంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే తవ్వించాడు. అప్పటికే దాని ఇటుకలు రోడ్డు పనికీ, రాళ్లు కాలువ పనికీ చాలావరకు తరలిపోయాయి. మిగిలిన దిబ్బ నడుమ మూడు రాతి భరిణెలు దొరికాయి. వాటిలో స్ఫటికపు పెట్టె, బంగారు పూలు, ముత్యాలు, ఒక చిన్న ఎముక ముక్క ఉన్నాయి. భరిణెల మీది ప్రాకృత రాతలను లిపి పండితుడు బ్యూలర్ చదివాడు. క్రీస్తుకు రెండు మూడు శతాబ్దాల ముందటి రాతలవి. కురుడనే ఆయన, అతని తల్లి, తండ్రి, శివుడనే మరొకాయన కలిసి బుద్ధుడి ధాతువుల కోసం ఈ భరిణెనూ స్ఫటికపు పెట్టెనూ చేయించారని ఒకటి చెబుతోంది.

బుద్ధుడి ఎముకను భద్రం చేసిన నలుగురిలో ఒకడి పేరు శివుడు! ఆ పేరుకీ శైవానికీ సంబంధం ఎంత అని పండితులు వాదించుకోవచ్చు. నాకు తోచేది ఇది: కొత్త బోధ ఊళ్లోకి వచ్చినప్పుడు పాత పేర్లు, పాత పండుగలు మూటగట్టుకుని వెళ్లిపోవు. మతాల పుట్టుక గురించి పుస్తకాల్లో గీసే అడ్డగీతలన్నీ ఆ తర్వాత గీసినవే.

అలాగని బోధల్లో తేడా చిన్నది కాదు. దుఃఖం ఎందుకు కలుగుతుంది, ఎలా ఆగుతుంది అన్నది బుద్ధుడి ప్రశ్న. లోకాన్ని ఎవరు సృష్టించారన్న చర్చ ఆయనకు పట్టలేదు. కర్మనూ పునర్జన్మనూ ఒప్పుకుంటూనే శాశ్వతమైన ఆత్మ లేదన్నాడు. ఆయన తిరిగిన గంగా మైదానంలోనే ఉపనిషత్తులు ఆత్మను తెలుసుకోవడమే ముక్తి అన్నాయి. ఒకరు పట్టుకోమన్నదాన్ని మరొకరు వదలమన్నారు. రెండూ ఒకటే అంటే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. మహావీరుడిదీ ఆ నేలే, దాదాపు ఆ కాలమే. అయితే ఆయన ప్రతి జీవికీ ఆత్మ ఉందన్నాడు, అందుకే అహింసను చివరిదాకా లాగాడు.

ఇక చేబ్రోలు. భీమేశ్వరాలయం దగ్గర బయటపడి, 2019లో పురావస్తు శాఖ ప్రకటించిన సంస్కృత శాసనం శాతవాహన రాజు విజయుడి కాలానిది, క్రీ.శ. 207 నాటిది. కార్తికుడనే ఆయన శక్తిమాతృక గుడి దగ్గర ప్రాసాదం, మండపం కట్టించి విగ్రహం నిలిపాడట. అదే ఊళ్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బ్రహ్మకు గుడి కట్టించాడు. దేశంలో చాలాచోట్ల పూజకు నోచుకోని దేవుడాయన. హిందూమతానికి స్థాపకుడు లేడు, పుట్టిన తేదీ లేదు. అది పాతదాన్ని పారెయ్యదు, కొత్తదాన్ని పక్కన కూచోబెడుతుంది. అమ్మతల్లికీ, వేదానికీ, అద్వైతానికీ అందులో చోటుంది. కాకపోతే ఈ ఉదారత్వమంతా దేవుళ్ల దగ్గరే. మనుషుల్లో ఎవరు గుడి మెట్లెక్కాలి అనేసరికి శతాబ్దాలపాటు తలుపు మూసుకుంది.

ఆ మూసిన తలుపుకీ ఇప్పుడు చెప్పబోయేదానికీ సంబంధం ఉంది. చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకుంటారు. మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో తమది ఎఫ్రాయిము గోత్రమని 1980ల చివరి నుంచీ బాహాటంగా చెబుతూ సబ్బాతు పాటిస్తున్నారు. వాళ్ల మీద 2013లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఒక పరిశోధన గ్రంథం కూడా వచ్చింది. ఆ వంశావళి నిజమా అని నన్నడగకండి. ఊరు తమకు ఇచ్చిన స్థానం కాదని, మరో చరిత్రలో తమకో స్థానం వెతుక్కున్నారు. దానికి గౌరవం ఇవ్వాలి.

యూదుమతానికి మూలం ఒక ఒడంబడిక. ఒక జాతి, ఒక దేవుడు, నడుమ ఒక ధర్మశాస్త్రం. క్రీ.పూ. 586లో బాబిలోనువాళ్లు యెరూషలేము ఆలయాన్ని కూలిస్తే, గుడి పోయినా శాస్త్రంతో బతకవచ్చని ఆ జాతి నేర్చుకుంది. ఏసు కూడా యూదుడే. ఆయన శిలువ మరణం, పునరుత్థానం మనిషిని పాపం నుంచి విడిపించాయన్న నమ్మకంతో క్రైస్తవం వేరుపడింది. ముహమ్మద్ ప్రవక్తకు 610లో తొలి దివ్యవాణి అందింది, 622లో ఆయన మదీనాకు వలస వెళ్లారు. ఇస్లాం ఏసును ప్రవక్తగా గౌరవిస్తుంది కానీ దేవుని కుమారుడంటే ఒప్పుకోదు. అల్లాహ్‌కు సాటి లేదన్నది దాని ప్రాణం. ఈ మూడూ అన్నదమ్ములు, కాబట్టే తగాదా గట్టిది. మూడిటికీ కాలం ఒకచోట మొదలై ఒకచోట ముగుస్తుంది, చివర తీర్పుంటుంది. మన దేశపు మతాల్లో కాలం తిరుగుతూ ఉంటుంది, జన్మ తర్వాత జన్మ. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద తేడా ఇదే.

మన పల్లెల్లో ఈ తేడాను చూడాలంటే చనిపోయినవాళ్ల దగ్గరికి వెళ్లాలి. మహాలయ అమావాస్యకు పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాం, పితృదేవతలు ఇంకా దారిలో ఉన్నారని. నవంబరులో సమాధుల పండుగ నాడు క్రైస్తవులు సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు, లేచే రోజు ఒకటుందని. షబే బరాత్ రాత్రి ముస్లిములు ఖబరస్తాన్‌కు వెళ్లి ఫాతిహా చదువుతారు, ప్రళయదినాన క్షమాపణ దొరకాలని. ముగ్గురూ తలుచుకునేది అమ్మానాన్నలనే, కానీ వాళ్లిప్పుడు ఎక్కడున్నారంటే మూడు జవాబులు వస్తాయి.

అయితే జనం ఈ తేడాలన్నీ తూచి చూసే మతం తీసుకుంటారా? 1842 జులై 31న లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. ఆ తర్వాత మన పల్లెల్లో క్రైస్తవం తీసుకున్నవాళ్లలో ఎందరు త్రిత్వ సిద్ధాంతాన్ని తూచి తీసుకున్నారు? బడి, ఆసుపత్రి, పక్కన కూచోనిచ్చే బల్ల ముందు వచ్చాయి. దీన్ని ఎత్తిపొడుపుగా అనేవాళ్లున్నారు. నేను అనను. భట్టిప్రోలు భరిణె చేయించినవాళ్లు మాత్రం అనాత్మవాదం మీద పరీక్ష రాసి దానమిచ్చారా?

ఏ మతమూ వద్దన్నవాళ్లనూ ఈ గడ్డ మోసింది. తెనాలి సూతాశ్రమంలో కూర్చుని త్రిపురనేని రామస్వామి పురాణాలనే తిరగేసి ప్రశ్నించాడు, ఆ ఊరే ఆయన్ని మునిసిపల్ చైర్మన్‌ని చేసింది. చదివి తెలుసుకోవడానికీ మనకు ఆనవాయితీ ఉంది. ఖురాన్‌ను తొలిసారి తెనిగించింది అనంతపురం కళాశాల అధ్యాపకులు చిలుకూరి నారాయణరావు గారు. 1930 నాటికే అది అచ్చులో ఉంది.

నిర్వాహకులకు ఒక మనవి. ఈ విషయాన్ని ఇక ఆయా మతాలకు బయటివాడినైన నావంటివాడికి అప్పగించకండి. వచ్చే ఏడు తెనాలి నుంచి ఒక మౌల్వీ గారిని, ఆ మరుసటి ఏడు ఒక పాస్టరు గారిని, ఆపైన కొత్తరెడ్డిపాలెం పెద్దమనిషిని పిలవండి. వాళ్ల నమ్మకం గురించి వాళ్లే చెప్పాలి. తర్వాత ఒక గంట ప్రశ్నలకు వదిలిపెట్టండి, ఎంత ఘాటు ప్రశ్న అయినా ఆపకండి.