నోబుల్ దొరగారి బడి, పాత కాగితములు
(అంబర్‌పేట సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవములలో పాత సంగతులు కొన్ని చెప్పుమని నన్ను కోరినారు. మన అంబర్‌పేట నుండి యూనివర్సిటీ ఆవరణ దాటి పోతే తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉన్నది. షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కను కాగితములు అక్కడ భద్రముగా ఉన్నవి. ఏ సిపాయి ముఖము ఎట్లుండెనో, వాని గుర్రపు రంగేదో కూడ పారసీలో వ్రాసి పెట్టినారు. మూడువందల ఏండ్లనాటి గుర్రము ఆనవాలు దొరికినది గాని, మా స్వగ్రామపు గుడిలో మా తాతగారి బాప్తిస్మపు రిజిస్టరు దొరకలేదు. చెదలు తినివేసినవట!

క్వేకరులని పేరుపడిన ఫ్రెండ్స్ సమాజమువారి సంగతి చూడండి. వారి కూటములో జరిగిన తీర్మానమును గుమాస్తా అక్కడికక్కడే వ్రాసి, అందరికీ చదివి వినిపించి, ఒప్పించుకొనును. ఇంటికి పోయి తీరికగా వ్రాయుట లేదు. 1779లో డాక్టర్ జాన్ ఫాదర్‌గిల్ పూనికతో యార్క్‌షైరులోని ఆక్‌వర్త్‌లో వారు పెట్టిన పాఠశాల చరిత్ర నేడు తెలియుచున్నదంటే ఆ అలవాటు వలననే.

మన తెలుగుదేశములో అట్లు కాగితము మీద నిలిచిన బడి మచిలీపట్టణములోని నోబుల్ దొరగారిది. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారు, హెన్రీ ఫాక్సు గారు 1841లో సి.ఎం.ఎస్. పక్షమున బందరు చేరిరి. 1843 నవంబరు 21న బడి తెరచిరి. 1865లో కన్నుమూయు వరకు నోబుల్ గారు ఒక్కసారియైనను స్వదేశము వెళ్లలేదు. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది చనిపోయిరి. అటువంటి తీరములో కాగితము నిలుచుట ఎంత కష్టము! అయితే మిషనరీలు లండనుకు ఉత్తరములు వ్రాయవలెనను కట్టడి ఉండెను. ఆ సి.ఎం.ఎస్. కాగితములు నేడు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో ఉన్నవి.

1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా ఊరంతయు అట్టుడికినది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించినారు. ఈ కథ మన పెద్దలు గర్వముగా చెప్పుదురు. రెండవ కథ చెప్పరు.

నోబుల్ గారు ఆ బడిలో మాల మాదిగ పిల్లలను చేర్చుకొనలేదు. వారు వస్తే పైకులములవారు రారని ఆయన వాదన. తోటి మిషనరీలలో కొందరికి అది నచ్చలేదు. మాది కృష్ణా జిల్లా మాలపల్లె. ఆ రోజులలో మా ముత్తాతగారు ఆ గుమ్మమునకు పోయియుంటే వెనుకకు పంపియుందురు. "ఉత్సవ సంచికలో ఇది ఎందుకయ్యా?" అని ఒక పెద్దాయన నన్ను మందలించినారు. అయ్యా, నోబుల్ గారే తన పద్ధతిని దాచలేదు. తప్పో ఒప్పో, వ్రాసి సమర్థించుకొన్నారు. ఆయన దాచనిది మనము దాచుట ఏమి మర్యాద? ఆయన త్యాగము చిన్నది కాదు. ఆ మూసిన తలుపు కూడ చిన్నది కాదు.

ఆ బడి నడచుచుండగానే, 1859లో రాఘవాపురమున పగోలు వెంకయ్య గారు డార్లింగు దొరగారి చేత బాప్తిస్మము పొందిరి. ఆయన మాలవారు, ఇంగ్లీషు బడి మెట్లు ఎక్కినవారు కారు. ఆ మిషనులో మాలపల్లెల సంఘములు ఆ ఇంటినుండి మొదలైనవి. దొరల ఉత్తరములలో వెంకయ్య గారి ముచ్చట ఉన్నది గాని, ఆయన వెంట నడచిన ఆడవారి పేర్లు ఎన్ని ఉన్నవి? అవి మన ఇండ్లలోనే వెదకవలెను.

కనుక ఒక మనవి. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత వెస్ట్రీలో బల్ల వేసికొని కూర్చుందును. పెండ్లి సర్టిఫికెట్లు, పాత ఫోటోలు, కుటుంబ బైబిలులో పుట్టిన తేదీలు వ్రాసిన అట్టలు ఏవున్నను తెండి. నకలు తీసికొని వెంటనే మీవి మీకు ఇచ్చివేయుదును. ఫోటో వెనుక పేర్లు లేకపోతే అవ్వగారిని కూడ వెంటబెట్టుకొని రండి. కాగితములను ప్లాస్టిక్ సంచిలో మాత్రము బిగించవద్దు, చెమ్మ పట్టును. ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి.