మెకానిక్ ఇంటి ఆడపిల్ల ఇంజనీరు ఎందుకు కాకూడదు?

(దోమలగూడలో ఇంటర్మీడియట్ విద్యార్థినులు, వారి తల్లిదండ్రులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ దోమలగూడ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు నడిచి వెళ్ళవచ్చు. 1932లో నిజాం రైల్వేలో ఒక విభాగంగా, 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన రోడ్డు రవాణాయే నేటి మన ఆర్టీసీకి మూలం. ఆ బస్సుల నంబరు పలకల మీద కనిపించే ‘జెడ్’ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని నగరంలో పెద్దలు చెప్పుకుంటారు. ఒక తల్లి పేరును మోస్తూ బస్సులు తిరుగుతున్నాయన్న మాట. అయితే ఆ బస్సు ఇంజనును, బ్రేకును, బాడీని రూపొందించే పనిలో మన ఇళ్ళ కూతుళ్ళు ఎందరున్నారు? ఈ ప్రశ్న గురించే మేము నాలుగు మాటలు చెప్పదలచాము.

మోటారు పని మన సముదాయానికి కొత్త కాదు. ముషీరాబాదు నుంచి రాణీగంజ్, నల్లగుట్ట దాకా వెళ్ళి చూడండి. లేత్ తిప్పేవారు, వెల్డింగు చేసేవారు, డెంటింగు, పెయింటింగు చేసేవారు, రేడియేటరు బాగుచేసేవారు, సీట్లు కుట్టేవారు, వీరిలో మనవారెందరో మీకే తెలుసు. చిన్న వయసులో షాగిర్దుగా చేరిన పిల్లవాడు ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఉస్తాదు అవుతాడు. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగలుగుతాడు. అది చిన్న విద్య కాదు. దానికి పట్టా లేదు, అంతే.

ఇప్పుడు ఆ విద్యకే ముప్పు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. కార్బొరేటరు కాలం పోయింది. బండి జబ్బును చెవితో కాదు, స్కానరుతో చూస్తున్నారు. విద్యుత్ వాహనంలో ఉస్తాదు చెవికి వినిపించే ఇంజనే లేదు. పానా పట్టిన చేతి పక్కన సర్క్యూటు చదివే కన్ను లేకపోతే, తరాలుగా మన చేతిలో ఉన్న పని కంపెనీ సర్వీసు సెంటర్లకు పోతుంది. పోవడం మొదలైంది కూడా. ఇంట్లో గణితంలో నూటికి తొంభై తెచ్చుకునే కూతురు ఉండగా, షెడ్డు భవిష్యత్తు గురించి ఆలోచించే తండ్రి ఆమె వైపు చూడడు. ఎనిమిదో తరగతిలో బడి మానిన కొడుకు వైపే చూస్తాడు. తండ్రుల మనసు నొచ్చుకున్నా ఈ మాట చెప్పక తప్పదు.

అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థకు 2014లో అధిపతి అయిన మేరీ బారా కథ మీరు వినే ఉంటారు. పెద్ద కార్ల కంపెనీకి అధిపతి అయిన తొలి మహిళ. ఆమె తండ్రి అదే సంస్థకు చెందిన పాంటియాక్ కర్మాగారంలో డై మేకరు, అంటే అచ్చులు తయారుచేసే కార్మికుడు. ఆమె 1980లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, చదువుకుంటూ అదే సంస్థలో పనిలో చేరింది. తర్వాత ఎలక్ట్రికల్ ఇంజనీరు అయింది. మనం గమనించవలసినది పదవిని కాదు. కార్మికుడి ఇంట్లో విన్న పనిముట్ల మాటలు ఆ కూతురికి పనికిరాని మాటలు కాలేదు.

మన దేశంలోనూ ఉన్నారు. 1974లో పుణెలోని టెల్కో సంస్థ ఉద్యోగ ప్రకటనలో స్త్రీలు దరఖాస్తు చేయనక్కరలేదని రాస్తే, సుధా మూర్తి జె.ఆర్.డి. టాటాకు పోస్టుకార్డు రాసి, పిలిపించుకుని, ఉద్యోగం సంపాదించారు. ఆ పుణెలోనే వాహనాలను పరీక్షించే పరిశోధనా సంస్థ ‘ఏఆర్ఏఐ’లో రశ్మి ఊర్ధ్వరేషే 1983లో ట్రైనీ ఇంజనీరుగా చేరి 2014లో డైరెక్టర్ అయ్యారు. నారీశక్తి పురస్కారమూ అందుకున్నారు. పోస్టుకార్డు కథను సభల్లో ఎక్కువగా చెబుతారు. మాకు మాత్రం అంతకంటే మన తెలుగింటి అయ్యలసోమయాజుల లలిత కథ దగ్గరగా అనిపిస్తుంది.

1919లో పుట్టిన ఆమెకు పదిహేనేళ్ళకే పెళ్ళి. పద్దెనిమిదేళ్ళకు భర్త పోయారు. ఒడిలో నాలుగు నెలల పాప. ఆనాటి సమాజంలో ఆ స్థితిలో ఉన్న స్త్రీకి ఏం మిగిలేదో పెద్దవారికి తెలుసు. తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన కూతురిని ఆ కళాశాలలోనే ఎలక్ట్రికల్ విభాగంలో చేర్పించారు. ఆ తర్వాత మరి ఇద్దరు అమ్మాయిలు సివిల్‌లో చేరారు. పట్టా ఇచ్చేటప్పుడు ముద్రించిన కాగితంలో పురుషుడని ఉన్న మాటను కొట్టివేసి స్త్రీ అని చేత్తో రాయవలసి వచ్చింది. సిమ్లాలో ఉద్యోగం, తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్, భాక్రానంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పని, 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సదస్సు, ఇంత దూరం వెళ్ళారామె. ఈ కథలో మొదట తలుపు తట్టింది తండ్రి. అందుకే ఈ సభకు తండ్రులను కూడా రమ్మన్నాము.

ఇక హక్కు మాట. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో ప్రతి 25 మందిలో ఒక్కరే ముస్లిం. మన రాష్ట్రంలో ఇంజనీరింగు కన్వీనరు కోటాలో ప్రతి కోర్సులో, ప్రతి కేటగిరీలో మూడింట ఒక వంతు సీట్లు అమ్మాయిలవి. మెకానికల్, ఆటోమొబైల్ కూడా అందులో ఉన్నాయి. కాని ఆప్షన్లు పెట్టేటప్పుడు మన ఇళ్ళలో కంప్యూటర్ సైన్సు దాటి చూడరు. అమ్మాయిలు రాని సీట్లు అబ్బాయిలకు మారిపోతాయి. ఎవరూ లాక్కోలేదు, మనమే అడగలేదు. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఈ రిజర్వేషన్ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తున్నది. దానికోసం అంత పోరాడి, లోపల ఉన్న అమ్మాయిల వాటాను వదిలేయడం మాకు అర్థం కాని విషయం.

‘అమ్మాయి గ్రీజు చేతులతో ఇంటికొస్తే సంబంధాలెలా వస్తాయి?’ అని ఒక తల్లి అడిగితే నవ్వకండి, ఆమె భయం నిజమైనదే. వాహన ఇంజనీరు పనిలో ఎక్కువ భాగం డిజైను, పరీక్ష, లెక్క, సాఫ్ట్‌వేరు. హ్యుందాయ్ ఇంజనీరింగు కేంద్రం, జెడ్ఎఫ్ సాంకేతిక కేంద్రం మన హైదరాబాదులోనే ఉన్నాయి. జహీరాబాదులో మహీంద్రా ట్రాక్టర్లు, పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. అయితే షాప్ ఫ్లోరు చూడకుండా మంచి ఇంజనీరు కావచ్చని మేము చెప్పము. తిరిగే యంత్రం దగ్గర దుపట్టా గాని, జడ గాని, అబ్బాయి మెడలో రుమాలు గాని వేలాడకూడదు. అది మతం మాట కాదు, ప్రాణం మాట. హిజాబ్ వేసుకునే అమ్మాయి దాన్ని దగ్గరగా చుట్టి కొనలు కోటులోకి దోపుకుని పని చేయవచ్చు. అలా చేసినా వద్దనే సంస్థను కారణం లిఖితంగా అడగండి. రాత్రి షిఫ్టు ఉంటే రవాణా ఎవరిదో చేరకముందే తేల్చుకోండి.

చివరగా కాగితాల సంగతి. షేక్‌లు మొదలైన 14 వర్గాలకు బీసీ-ఈ వర్తిస్తుంది. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు అందులో లేవు. వారు అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవాలి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక మీసేవ ముందు నిలబడితే ఆలస్యమవుతుంది, ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకపోతే ఏఐసీటీఈ ‘ప్రగతి’ ఉపకార వేతనానికి దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైతే ఏడాదికి 50 వేల రూపాయలు వస్తాయి. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు. పదో తరగతిలో ఉన్న చెల్లెళ్ళు పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరవచ్చు. తర్వాత ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్ళవచ్చు.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు అమ్మాయిలు, తర్వాత తండ్రులు.